పర్లాకిమిడి నుంచి తక్కువ ఖర్చుతో సంగీతం డిగ్రీ ఎలా?

పర్లాకిమిడిలో ప్లస్ టూ అయిన మీ అమ్మాయికి కర్ణాటక గాత్రంలో డిగ్రీ, అదీ తక్కువ ఖర్చులో, ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

మన వైపు వాళ్లకి ముందు గుర్తొచ్చేది విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత కళాశాల. 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. గుణుపూర్-విశాఖ రైలు మన ఊరి మీదుగా నేరుగా అక్కడికే వెళ్తుంది. ఒక్క మెలిక ఉంది: అక్కడ ప్రధానంగా చెప్పేది నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. చదువు గట్టిదే, కానీ ఉద్యోగ దరఖాస్తులో ‘డిగ్రీ’ అన్న గడి దానితో నిండదు. అందుకే డిప్లొమాతో పాటు ఏదో ఒక బీఏ కూడా కట్టి, ఆ తర్వాత సంగీతంలో ఎంఏకి వెళ్లేవాళ్లున్నారు. నన్నడిగితే మనకి చవకైన దారి ఇదే. ఎంఏ అర్హత నిబంధనలు మాత్రం ముందే చదువుకోండి.

నేరుగా డిగ్రీయే కావాలంటే భువనేశ్వర్‌లో ఉత్కళ సంగీత మహావిద్యాలయం ఉంది. పర్లాకిమిడి కూడా ఒడిశాలోదే, సొంత రాష్ట్రం కాబట్టి స్థానికత టెన్షన్ ఉండదు. అయితే అక్కడ ఒడిస్సీ, హిందుస్తానీలదే పైచేయి.

ఫీజొక్కటే చూసి తేల్చేయకండి. ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు కన్నా గది అద్దె, మెస్ బిల్లే ఎక్కువ లాగుతాయి. అమ్మాయికి 18 నిండి, గురువు దగ్గర ఐదేళ్ల శిక్షణ ఉంటే కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టండి. రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయలు ఇస్తారు. శిక్షణ కాలం రాసిన ఉత్తరం గురువు గారి చేత ఇప్పుడే సంతకం చేయించి ఉంచుకోండి.