'ఇన్ ద రెల్మ్ ఆఫ్ ద సెన్సెస్' హీరోయిన్ కెరీర్ సెన్సార్ వల్లే పోయిందా?

మీ ప్రశ్న ఇది: 1976లో జపాన్ దర్శకుడు నాగిసా ఒషిమా తీసిన ఆ సినిమా తర్వాత హీరో తత్సుయా ఫుజి ఎలా నిలదొక్కుకున్నాడు, హీరోయిన్ ఎయికో మత్సుదా ఎందుకు కనుమరుగైంది, దానికి సెన్సారే కారణమా?

నాకు తెలిసినంతలో సెన్సార్ దెబ్బ తగిలింది సినిమాకి. ఆ అమ్మాయిని దెబ్బతీసింది సినిమా చూసిన, చూడకుండానే మాట్లాడిన జనం. వాళ్లతో పాటు, ఆ తర్వాత ఆమెకు ఎలాంటి వేషాలివ్వాలో తేల్చేసుకున్న పరిశ్రమ కూడా.

ఉద్యోగరీత్యా కొన్నాళ్లు జపాన్‌లోని యోకోహామాలో ఉన్నాను. ఈ సినిమా మొదట అక్కడే, అద్దెకు తెచ్చుకున్న డీవీడీలో చూశాను. ముఖ్యమైన చోటల్లా తెర మీద సెన్సార్ కోసం పెట్టిన మసక మచ్చ. మనుషులు కదిలితే అదీ కదులుతుంది. ఇద్దరి మొహాల మీద ఏం జరుగుతోందో చూద్దామంటే కన్ను ఆ మచ్చ మీదికే పోతుంది. దాచబోయి అటే చూపించినట్టయింది. చాలా ఏళ్ల తర్వాత పారిస్‌లో ఒక చిన్న థియేటర్లో పూర్తి సినిమా చూసినప్పుడు గానీ ఎయికో మత్సుదా ఎంత గొప్పగా నటించిందో నాకు అర్థం కాలేదు. మొదట్లో సిగ్గూ తుంటరితనమూ కలిసిన చూపు, పోను పోను ఆకలిగా, భయంగా, చివరికి ఎవరి మాటా వినిపించని స్థితిగా మారుతుంది. ఇవన్నీ ఆ మొహంలోనే ఉన్నాయి.

కథ నిజంగా జరిగిందే. 1936 మేలో టోక్యోలో సదా అబే అనే ఆమె, తాను పనిచేసిన హోటల్ యజమాని కిచిజో ఇషిదాతో ప్రేమలో పడి, చివరికి అతని గొంతు బిగించి చంపింది. దేశమంతా గుప్పుమన్న కేసు. ఒషిమా దాన్ని నేరం కథగా తీయలేదు. బయట దేశం యుద్ధానికి సిద్ధమవుతుంటే, గదిలో తలుపులు మూసుకున్న ఇద్దరి కథగా తీశాడు. ఒక్క సీన్ చెబుతాను. వీధిలో సైనికులు కవాతు చేస్తూ వస్తుంటారు, పక్కన జనం జెండాలు ఊపుతుంటారు. కిచిజో తల దించుకుని, గోడ పక్కగా, వాళ్లకు ఎదురు దిశలో నడిచిపోతాడు. ఒక్క మాట లేదు. సినిమా దేని గురించో ఆ కాసేపట్లో తెలిసిపోతుంది. దీన్ని బూతు సినిమా అని తేల్చేసేవాళ్లు ఈ సీన్ దగ్గర ఒక్క నిమిషం ఆగితే బాగుండు.

ఇక చట్టం సంగతి. జపాన్ రాజ్యాంగం 21వ అధికరణం సెన్సార్‌షిప్‌ను నిషేధిస్తుంది. కానీ 1907 నాటి శిక్షాస్మృతిలో 175వ సెక్షన్ అశ్లీలతను నేరంగా చూస్తుంది. సినిమాలను విడుదలకు ముందు పరిశీలించడానికి 'ఎయిరిన్' అని పరిశ్రమే పెట్టుకున్న సంస్థ ఉంది. ఒషిమా సినిమాలో శృంగారం నటన కాదు, నిజంగా జరిగినదే. ఆ ఫిల్మ్ జపాన్‌లోనే డెవలప్ చేయిస్తే పోలీసుల చేతికి సాక్ష్యం ఇచ్చినట్టే. అందుకని షూటింగ్ క్యోటోలో చేసి, రీళ్లను డెవలప్ చేయకుండానే ఫ్రాన్స్‌కు పంపారు. నిర్మాత అనతోల్ దోమాన్ ఫ్రెంచివాడు. ఎడిటింగ్ కూడా అక్కడే. క్యోటోలో తీసిన సినిమా సొంత దేశానికి విదేశీ సరుకులా కస్టమ్స్ దాటి రావాల్సి వచ్చింది. వచ్చాక కోతలు, మసకలు సరేసరి. న్యూయార్క్ ఫెస్టివల్‌కి వెళ్తే అక్కడా కస్టమ్స్ అడ్డుపడింది.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. జపాన్ కోర్టులో ఒషిమా మీద నడిచిన కేసు సినిమా మీద కాదు, స్క్రిప్టూ స్టిల్సూ కలిపి వేసిన పుస్తకం మీద. 1979లో టోక్యో జిల్లా కోర్టు నిర్దోషి అంది, 1982లో హైకోర్టు కూడా అదే మాట నిలబెట్టింది. ఏళ్ల తరబడి టెన్షన్ పడ్డా, ఆయనకు వాదించుకునే చోటంటూ ఉంది, తీర్పంటూ వచ్చింది. ఆయనంటే నాకు గౌరవమే. కానీ ఎయికో మత్సుదా ఏ కోర్టుకు వెళ్లి చెప్పుకోవాలి?

ఆమె అప్పటికి ఇరవై నాలుగేళ్ల పిల్ల. ప్రయోగాత్మక నాటకాలు వేసే షూజి తెరయామా బృందం నుంచి వచ్చింది, సినిమాల్లో పేరున్న మనిషి కాదు. ఫుజి అలా కాదు. 1962 నుంచి నిక్కత్సు స్టూడియోలో చేస్తున్నాడు, జనానికి తెలిసిన మొహం. ఆయనకూ కొంతకాలం అవకాశాలు తగ్గాయి. కానీ 1978లో ఒషిమా తన తర్వాతి సినిమా 'ఎంపైర్ ఆఫ్ ప్యాషన్'లో మళ్లీ ఆయన్నే పెట్టుకున్నాడు, దానికి కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. అందులో హీరోయిన్ వేరే, కజుకో యోషియుకి. ఎయికోకు ఆ తర్వాత దొరికిన కొద్ది సినిమాల్లో కూడా ఎక్కువ వాటికి కావాల్సింది ఆమె శరీరమే. ఆమె యూరప్ వెళ్లిపోయింది. 1982లో ఒక ఫ్రెంచ్ సినిమాలో చేసింది, అదే చివరిది. 2011లో పోయింది. ఫుజికి 2023లో, ఎనభై దాటాక, 'గ్రేట్ ఆబ్సెన్స్' సినిమాకు స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటన బహుమతి వచ్చింది. ఆయన దానికి పూర్తిగా అర్హుడే. ఒకే గదిలో, ఒకే కెమెరా ముందు ఇద్దరూ ఒకే పని చేశారు కదా అని మాత్రం నాకు బాధ.

యోకోహామాలో మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు, సినిమాలంటే ప్రాణం. ఫుజి పేరెత్తితే సినిమాల పేర్లు వరసగా చెప్పేవారు. ఎయికో గురించి అడిగితే కాసేపు ఆలోచించి, ఆ సినిమాలో చేసిన ఆమే కదా అని ఊరుకున్నారు. ఆయనకు ఆమె మీద కోపమేం లేదు, ఆమె గురించి తెలిసింది అంతే.

మన దగ్గరా ఇది కొత్త కాదు. ఏలూరు వైపు నుంచి వెళ్లిన సిల్క్ స్మిత 'సీతాకోకచిలుక'లో శరత్‌బాబు భార్యగా ఎంత నిబ్బరంగా చేసిందో ఎంతమందికి గుర్తుంది? అలాంటి వేషాలు ఇంకో పది ఎందుకివ్వలేదని అడగాల్సింది సెన్సార్ బోర్డును కాదు.

ఇప్పుడైతే పరిస్థితి మారిందా అని కూడా అడిగారు. జపాన్‌లో మసక ఇంకా పోలేదు, 175 ఇంకా ఉంది. సెట్లో నటీనటుల తరఫున మాట్లాడే ఇంటిమసీ కోఆర్డినేటర్లు మాత్రం ఈ మధ్య వచ్చారు. ఏది చేస్తారో, ఏది చేయరో ముందే కాగితం మీద రాసుకుంటున్నారు. ఎయికో కాలంలో ఇదేదీ లేదు. అయితే ఆ కాగితం సెట్లోనే పనికొస్తుంది, విడుదలయ్యాక జనం ఏమంటారో దాని చేతిలో లేదు. చూడాలనుకుంటే పెద్దవాళ్లు మాత్రమే చూడాల్సిన సినిమా, అందులోనూ మసక లేని ప్రింటే చూడండి. చివరి అరగంట గుండె దిటవు చేసుకుని చూడాలి.