గ్లేసియర్ బేకి పెద్ద షిప్పా, చిన్న బోటా?

పది మందిమి కలిసి అలాస్కాలోని గ్లేసియర్ బేకి వెళ్దామనుకుంటున్నాం, పెద్ద క్రూజ్ షిప్ ఎక్కాలా, చిన్న బోటు మాట్లాడుకోవాలా అని అడిగారు. చిన్న బోటే. రెండో ఆలోచన పెట్టుకోకండి.

మేం పదకొండు మందిమి జూలైలో అలాస్కా రాజధాని జూనో నుంచి బయల్దేరి ఏడు రోజులు తిరిగాం. పెద్ద షిప్పుల్ని రోజుకి రెండింటికి మించి బేలోకి రానివ్వరు. వచ్చినవి కూడా ఒక్క పగలు తిరిగి వెళ్ళిపోతాయి, ఎవరూ నేల మీద కాలు పెట్టరు. బే లోపలి సన్నటి పాయ జాన్స్ హాప్కిన్స్ ఇన్‌లెట్ అయితే సీళ్ళు పిల్లల్ని పెట్టే కాలమని మే, జూన్‌లలో అందరికీ మూసేస్తారు. జూలై, ఆగస్టుల్లో చిన్న బోట్లు వెళ్ళొచ్చు, క్రూజ్ షిప్పులకి అప్పుడూ ప్రవేశం లేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది మాత్రం చప్పుడు గురించి. సముద్రంలోకి దిగే మంచునది మార్జరీ గ్లేసియర్ ముందు కెప్టెన్ ఇంజన్ ఆపేశాడు. నీటి పైన 250 అడుగుల నీలం గోడ. కాసేపటికి బోటు చుట్టూ నూనెలో ఆవాలు చిట్లినట్టు చిటపటలు మొదలయ్యాయి. తేలుతున్న మంచు ముక్కలు కరుగుతుంటే లోపల ఎన్నో ఏళ్ళుగా నొక్కుకుపోయిన గాలిబుడగలు పగిలే చప్పుడట అది. సరిగ్గా అప్పుడే మాలో ఒకాయన స్పీకర్లో పాటలు పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళావిడే "కాసేపు ఆపండీ" అంటే ఆపాడు.

పది నిమిషాలు కూడా కాలేదు, గోడలోంచి ఇల్లంత ముక్క జారింది. చప్పుడే లేదు. నీళ్ళు తెల్లగా పైకి లేచాక, అప్పుడు వచ్చింది ఉరుము, గుండెల్లో తగిలేలా. అక్కడి ఆదివాసులు, ట్లింగిట్ జనం, దాన్ని తెల్ల ఉరుము అంటారు. కెప్టెన్ బోటు ముక్కుని అలకి ఎదురు తిప్పాడు, వంటగదిలో కప్పులన్నీ గలగలమన్నాయి. ఆ పాటలాయన రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సాయంత్రం దాకా స్పీకర్ ముట్టుకోలేదు.

1794లో బ్రిటిష్ నావికుడు వాంకోవర్ బృందం వచ్చినప్పుడు ఈ బే అంతా మంచే, ముఖద్వారం దగ్గరే అడ్డుగోడ. మేం ఆగిన చోటు అక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్లు లోపల. అలాంటి చోట నిలబడి పాటలేమిటండీ?

ఇంకో మాట. తిమింగలం కనపడగానే "ఇంకొంచెం దగ్గరికి పోనీయండి" అని కెప్టెన్ ప్రాణం తీసేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటారు. ఈ బే నేషనల్ పార్కు, దాని నీళ్ళలో హంప్‌బ్యాక్ తిమింగలాలకి పావు నాటికల్ మైలు దూరం పాటించాల్సిందే. డ్రోన్లు నిషేధం. బేలోని ఇరుకు దారి సిటకడే న్యారోస్‌లో ఆటుపోట్ల వడి చాలా ఎక్కువ, తెల్లవారుజామున బయల్దేరదామంటే కెప్టెన్‌కి కారణం ఉంటుంది, సణక్కండి. ఇవన్నీ టికెట్లు కొనకముందే మీ పదిమందితో ఒప్పించుకోండి.

బోటు మాట్లాడేటప్పుడు గదులూ భోజనాలూ తర్వాత. మంచుగోడ ముందు ఇంజన్ ఎంతసేపు ఆపుతారో ముందు అడగండి. మాకు నలభై నిమిషాలు ఆపాడు.