అమ్మతో అనురాధపురం వెళ్లేముందు నేను నేర్చుకున్నవి

మీ ప్రశ్న చదివాను. మే, జూన్ నెలల్లో అమ్మానాన్నలతో వారం రోజులు శ్రీలంక వెళ్తున్నామని, అనురాధపురం, దంబుల్లా, సిగిరియా, క్యాండీ, వీలైతే నువర ఎలియ దగ్గరి సీతమ్మ గుడి చూడాలని రాశారు. టికెట్లు, హోటళ్ల సంగతి మేమే చూసుకుంటాం, ఆ పురాతన పుణ్యస్థలాలకు మనసునూ శరీరాన్నీ ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పమని అడిగారు. ఈ మాట అడిగేవాళ్లు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఒక ట్రావెల్ సంస్థ వాళ్లతో, ఐదు రోజుల్లో ఏడు ఊళ్లు. అనురాధపురంలో రువన్‌వెలిసాయ స్తూపం దగ్గర మమ్మల్ని మిట్టమధ్యాహ్నం దింపారు. చెప్పులు విడిచి రాతి పలకల మీద అడుగు పెట్టగానే అరికాళ్లు చుర్రుమన్నాయి. నీడ వెతుక్కుంటూ పరుగెత్తి, నాలుగు ఫొటోలు తీసుకుని, నలభై నిమిషాల్లో బస్సెక్కాం. ఆ పరుగులో ఒక పెద్దావిడను చూశాను. తెల్లచీర కట్టుకుని, స్తూపానికి ఎదురుగా నేల మీద కూర్చుని, చిన్న పుస్తకంలోంచి ఏదో పఠిస్తోంది. ఆ ఎండ ఆమెకు తెలుస్తున్నట్టే లేదు. బస్సు కదిలాక గాని నాకు అర్థం కాలేదు, నేను శిథిలాలు చూడటానికి వచ్చాననుకుని ఎవరో పూజ చేసుకుంటున్న చోట పరుగులు తీశానని. ఆ బాధ చాలా కాలం వదల్లేదు. నాలుగేళ్ల తర్వాత అమ్మను తీసుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి ఆరు నెలల ముందు నుంచే సిద్ధపడ్డాను.

ఆ సిద్ధపడటంలో ముప్పాతిక భాగం కథలు తెలుసుకోవడమే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కుమారుడు మహేంద్రుడు ఈ దీవికి బౌద్ధాన్ని తెచ్చాడని, ఆయన చెల్లెలు సంఘమిత్ర బోధగయ బోధివృక్షపు కొమ్మను తెచ్చి అనురాధపురంలో నాటించిందని అక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆ చెట్టే ఈనాటి శ్రీ మహాబోధి. నాటిన కాలం చరిత్రకెక్కిన చెట్లలో ఇంత పురాతనమైనది ఇంకొకటి లేదంటారు. ఇవేమీ తెలియకుండా వెళ్తే బంగారు కంచె వెనక, ఊతకర్రల మీద వాలిన ఒక సన్నని రావికొమ్మ కనిపిస్తుంది, అంతే. తెలిసి వెళ్తే, ఇరవై రెండు శతాబ్దాలకు పైగా యుద్ధాలనూ కరువులనూ దాటించి ఒక చెట్టును కాపాడుకున్న మనుషులు కనిపిస్తారు.

రువన్‌వెలిసాయ కథ మీ అమ్మానాన్నలకు తప్పకుండా చెప్పండి. ఆ స్తూపాన్ని కట్టించిన దుట్టగామణి రాజు అది పూర్తికాకముందే మరణశయ్య మీదికి చేరాడు. పూర్తయిన స్తూపం చూడకుండానే అన్న కన్నుమూస్తాడని తమ్ముడు సద్ధాతిస్సుడు అసంపూర్ణంగా ఉన్న కట్టడమంతటికీ తెల్లటి వస్త్రం కప్పించి, పల్లకీలో రాజును తెచ్చి చూపించాడని శ్రీలంక ప్రాచీన చరిత్ర గ్రంథం మహావంశం చెబుతుంది. మేం వెళ్లిన సాయంత్రం అక్కడ భక్తులు పొడవాటి వస్త్రాన్ని తలల మీదుగా ఎత్తిపట్టుకుని ప్రదక్షిణ చేస్తూ తీసుకెళ్తున్నారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "తమ్ముడు కప్పించిన బట్ట లాంటిదే కదూ?" అంది. కథ ముందే చెప్పినందుకు నాకు దక్కిన ఫలితం ఆ ఒక్క మాట.

అదే రాజు గురించి ఇంకో కథ ఉంది. దుట్టగామణి యుద్ధంలో ఎల్లాళుడనే చోళ రాజును సంహరించాడు. సంహరించాక అంత్యక్రియలు గౌరవంగా జరిపించి, ఆ సమాధి పక్కగా వెళ్లేవాళ్లు వాద్యాలు ఆపాలని ఆజ్ఞాపించాడట. సింహళులకూ తమిళులకూ మధ్య ఇన్ని గాయాలు మిగిలిన దేశంలో ఈ కథను గుర్తుపెట్టుకుని తిరగడం మంచిది. 1985లో అనురాధపురంలో, 1998లో క్యాండీలో పవిత్ర స్థలాల దగ్గరే దాడులు జరిగాయి. ద్వారాల దగ్గర సోదాలు గట్టిగా ఉంటే ఆ సంగతి గుర్తు చేసుకుని ఓపిక పట్టండి. అంతర్యుద్ధం గురించి మీ అంతట మీరు చర్చ లేవదీయకండి. వాళ్లే చెబితే వినండి.

మిహింతలేకు కనీసం సగం పూట కేటాయించండి. అనురాధపురానికి తూర్పున, అరగంట దూరం కూడా ఉండదు. జింకను వేటాడుతూ వచ్చిన దేవానాంపియ తిస్స రాజుకు మహేంద్రుడు ఎదురైన కొండ అది. అక్కడ జరిగిన మామిడిచెట్టు సంభాషణ నాకు చాలా ఇష్టం. "రాజా, ఈ చెట్టు పేరేమిటి?" "మామిడి." "ఇది కాక వేరే మామిడిచెట్లు ఉన్నాయా?" "చాలా ఉన్నాయి." "మామిడి కాని చెట్లు?" "అవీ ఉన్నాయి." "ఆ మామిళ్లూ, మామిడి కాని చెట్లూ పోగా ఇంకేమైనా చెట్టు ఉందా?" రాజు ఆలోచించి, "ఉంది స్వామీ, ఈ మామిడిచెట్టు" అన్నాడు. ఈయనకు ధర్మం బోధించవచ్చని మహేంద్రుడు నిశ్చయించుకున్నాడు. మెట్లు చాలా ఉన్నాయి, మొత్తం 1840 అంటారు. అయితే వాహనం కొంత ఎత్తుదాకా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లకు ఆ దారే నయం.

ఇక నెలల సంగతి. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవుదినం, దాన్ని పోయ అంటారు. ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు. మే పౌర్ణమి వెసక్, బుద్ధుడి జననం, జ్ఞానోదయం, పరినిర్వాణం మూడింటికీ పండుగ. వీధి వీధినా కాగితపు లాంతర్లు వెలుగుతాయి, దారిన పోయేవాళ్లను ఆపి మరీ ఉచితంగా భోజనం పెడతారు. జూన్ పౌర్ణమి పోసన్, మహేంద్రుడు వచ్చిన రోజు. ఆ రోజుల్లో మిహింతలే, అనురాధపురం జనసంద్రమవుతాయి. నన్నడిగితే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో పోసన్‌కు అక్కడ ఉండవద్దు. వెసక్ మాత్రం ఏదో ఒక ఊళ్లో చూసేలా తేదీలు కుదుర్చుకోండి, మీ అమ్మగారు జీవితాంతం చెప్పుకుంటారు.

దుస్తుల విషయంలో నియమం చిన్నది, మినహాయింపు లేదు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చెప్పులు, టోపీ తీసేయాలి. అక్కడి భక్తులు తెల్లబట్టలు కట్టుకుంటారు. మనకది తప్పనిసరి కాదు గానీ, అమ్మకు తెల్లటి నూలుచీర, నాకు తెల్ల చొక్కా తీసుకెళ్లాను. ఆ రంగు వల్ల మమ్మల్ని చూసే చూపే మారింది, పక్కన జరిగి చోటిచ్చారు. చెప్పులు పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచీ, ఎండకు మందపాటి మేజోళ్లు ఉంచుకోండి. ఏం చేసినా మధ్యాహ్నం పదకొండు నుంచి మూడున్నర దాకా స్తూపాల ప్రాంగణాల్లోకి వెళ్లకండి. మేం రోజూ తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి, మధ్యలో నిద్రపోయాం.

బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ పెద్ద తప్పు. సెల్ఫీ అంటే వీపు పెట్టడమే కదా, కాబట్టి సెల్ఫీల ఆలోచనే మానేయండి. విగ్రహాన్ని మాత్రమే తీసుకోవచ్చు, అదీ అనుమతి ఉన్న చోట. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉన్న ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని విమానాశ్రయంలో అరెస్టు చేసి, ఆ తర్వాత దేశం నుంచి పంపేశారు. బుద్ధుడి బొమ్మ ఉన్న టీషర్టులు, సంచులు ఇంట్లోనే వదిలేయండి.

మన అలవాట్ల వల్ల పొరపాటు జరిగే చోటు ఇంకొకటి ఉంది. విహారాల పక్కనే విష్ణువుకూ, కతరగామ దేవుడికీ గుళ్లు కనిపిస్తాయి. ఈ కతరగామ దేవుడు మన సుబ్రహ్మణ్యస్వామే. క్యాండీలో బుద్ధుడి దంతాన్ని ఉంచిన దంతధాతు ఆలయం పరిసరాల్లోనే నాథ, విష్ణు, కతరగామ, పత్తిని ఆలయాలు నాలుగున్నాయి. అది చూసి ఆనందం పట్టలేక, "బుద్ధుడు మా దశావతారాల్లో ఒకడే కదా" అని ఎవరితోనూ అనకండి. మనం ప్రేమతోనే అంటాం, కానీ వాళ్ల చెవికి అది బుద్ధుణ్ణి తక్కువ చేసిన మాటగా వినిపిస్తుంది. అక్కడ విష్ణువు బుద్ధశాసనాన్ని కాపాడే దేవుడు. మొదటి ప్రయాణంలో నేనే ఈ మాట ఒక యువ భిక్షువుతో అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మృదువుగా నవ్వి, తల పక్కకు తిప్పుకున్నారు. రావణుడి విషయం కూడా ఇలాంటిదే. సీతమ్మ గుడికి వెళ్తున్నారు కాబట్టి చెబుతున్నాను, రావణుణ్ణి తమ దేశపు గొప్ప రాజుగా తలచుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. 2019లో అంతరిక్షానికి పంపిన తమ మొదటి ఉపగ్రహానికి వాళ్లు పెట్టుకున్న పేరు రావణ-1. డ్రైవరు ముందు రావణుణ్ణి తిట్టకండి.

భిక్షువులకు చేతులు జోడించి నమస్కరిస్తే చాలు. కరచాలనానికి చెయ్యి చాచకూడదు, ఆడవాళ్లు తాకకూడదు. బస్సుల్లో ముందు సీట్లు మతగురువులకు కేటాయించి ఉంటాయి, ఖాళీగా కనిపించినా కూర్చోవద్దు. విహారంలో అర్చన టికెట్టు ఉండదు, గోత్రనామాలు అడిగే పూజారి ఉండడు. మీరే పువ్వులు పెట్టి, దీపం వెలిగించి, మీరే కూర్చోవాలి. అమ్మకు మొదట ఇది వింతగా తోచింది, రెండో రోజుకు బాగా నచ్చింది. పూలమ్మే అమ్మాయి తామర రేకులను ఒక్కొక్కటే వెనక్కి మడవడం అమ్మకు నేర్పింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. "ఆయుబోవన్" అంటే దీర్ఘాయుష్షు కలగాలని, అదే అక్కడి నమస్కారం. "స్తుతియి" అంటే కృతజ్ఞతలు. ఈ రెండు మాటలతో అమ్మ వారం గడిపింది.

క్యాండీలో దళదా మాలిగావ, అంటే ఆ దంతధాతు ఆలయం, దర్శనానికి ముందే ఒక సంగతి తెలుసుకోండి, బుద్ధుడి దంతధాతువు కంటికి కనిపించదు. ఒకదానిలో ఒకటిగా అమర్చిన పేటికల్లో అది ఉంటుంది. పూజవేళ తలుపు తెరిచినప్పుడు స్తూపాకారంలోని బంగారు పేటికను దూరం నుంచి కొన్ని క్షణాలు చూసి కదలాలి. రోజుకు మూడు పూజలు, మేం వెళ్లినప్పుడు ఉదయం 5.30, 9.30, సాయంత్రం 6.30. ఉదయం పూజకే వెళ్లండి, డప్పుల మోత తప్ప వేరే చప్పుడు ఉండదు. ఆ దంతాన్ని 4వ శతాబ్దంలో కళింగ రాకుమార్తె హేమమాల జుట్టులో దాచి తెచ్చిందని కథ. ఆ కళింగ దంతపురం శ్రీకాకుళం జిల్లాలోని దంతవరపుకోటేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఈ బంధం ఒకవైపు నుంచే కాదు. నాగార్జునకొండలో 3వ శతాబ్దపు బోధిసిరి అనే ఉపాసిక శాసనం సింహళ విహారాన్ని పేర్కొంటుంది, అక్కడ బోధివృక్షానికి మందిరం కట్టించినట్టు చెబుతుంది. రెండో ప్రయాణానికి ముందు నేను అమ్మను పడవలో నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళ్లాను. మీకూ ఒక ఆదివారం దొరికితే వెళ్లిరండి, అనురాధపురంలో అడుగు పెట్టినప్పుడు పరాయి ఊరికి వచ్చినట్టు ఉండదు.

మిగతావి గబగబా చెబుతాను. సిగిరియా సుమారు 1200 మెట్లు, మీ అమ్మానాన్నలు కింది తోటలో కూర్చోవడమే మేలు. దంబుల్లా గుహలకూ మెట్లున్నాయి గానీ నెమ్మదిగా ఎక్కగలరు, ఐదు గుహలూ చూడదగ్గవే, తినుబండారాలు చేతిలో ఉంచుకుంటే కోతులు లాక్కుంటాయి. శాకాహారులైతే కొబ్బరి పచ్చడిలాంటి పొల్ సంబల్ తినేముందు అందులో ఉంబలకడ ఉందా అని అడగండి, అది ఎండుచేప పొడి. పాస్‌పోర్టు వెంటే ఉంచుకోండి, మేం వెళ్లినప్పుడు మన దేశం కూడా ఉన్న సార్క్ కూటమి దేశాలవాళ్లకు టికెట్టు ధర తగ్గించారు. అంబులెన్సు నంబరు 1990.

చివరిగా మీ జాబితా గురించి. వారంలో అన్ని ఊళ్లు వద్దు. సిగిరియా గానీ నువర ఎలియ గానీ తీసేసి, అనురాధపురంలో మూడు రాత్రులు ఉండండి. అందులో ఒక సాయంత్రం ఏ పనీ పెట్టుకోకుండా నాలుగున్నరకు రువన్‌వెలిసాయ దగ్గరికి వెళ్లండి. కుర్చీలు ఉండవు, పరుచుకోవడానికి దుప్పటి తీసుకెళ్లండి. అమ్మా నేనూ చీకటిపడి దీపాలు వెలిగేదాకా అక్కడే కూర్చున్నాం. పక్కన ఒక కుటుంబం పారాయణ ముగించి, చివర్లో అందరూ కలిసి మూడుసార్లు "సాధు" అన్నారు. మూడోసారి అమ్మ గొంతు కూడా వాళ్లతో కలిసింది.