డాక్టర్ సలహా: మాత్రలు వేసుకుని 11 రోజులైంది... ప్రయాణానికి ముందు స్కాన్ తప్పనిసరి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29 ఏళ్లు. మాది అనంతపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాం. మూడేళ్ల బాబు ఉన్నాడు. మావారిని కంపెనీ అమెరికాలోని డల్లాస్‌కు పంపుతోంది. వచ్చే శనివారం ముగ్గురం బయలుదేరాలి. ఈ హడావిడిలో నెల తప్పింది. ఇప్పుడే వద్దని ఇద్దరం అనుకున్నాం. ఎవరికీ తెలియకూడదని మావారు మందుల షాపులో అబార్షన్ మాత్రల కిట్ తెస్తే 11 రోజుల క్రితం వేసుకున్నాను. అప్పటికి చివరి నెలసరి వచ్చి ఏడు వారాలు. రక్తస్రావం తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. కుడివైపు పొత్తికడుపులో అప్పుడప్పుడూ నొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. నీరసం వల్లే అనుకుంటున్నాను. నా సందేహం వేరు. డల్లాస్‌లో అబార్షన్ చేస్తే డాక్టర్‌ను జైల్లో పెడతారట. ఐర్లాండ్‌లో ఉండే మా ఆడపడుచు అక్కడ ఇప్పుడు అనుమతి ఉందని చెబుతోంది. దేశానికో తీరు ఎందుకు? ఇక్కడ నేను చేసింది నేరమా? మా అత్తగారికి తెలిస్తే పాపం అంటారు.
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, దేశాల సంగతి తప్పకుండా చెబుతాను. ముందు మీరు ఈ రోజే స్కాన్ చేయించుకోవాలి. రేపు కాదు, శనివారం లోపు ఎప్పుడో ఒకప్పుడు కాదు, ఈ రోజే. ఈ జవాబు ప్రచురించేదాకా ఆగడం మంచిది కాదని, ఈ ఒక్క మాట మీకు వెంటనే మెయిల్ చేయమని సంపాదకులకు చెప్పాను. అందింది కదా?

మీరు నీరసమని దాటేసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఒకవైపు నొప్పి, నిలబడితే కళ్లు తిరగడం, ఆగని రక్తస్రావం. ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు మాకు మొదట వచ్చే అనుమానం గర్భం గర్భసంచిలో కాక ట్యూబ్‌లో, అంటే అండం గర్భసంచికి చేరే సన్నని గొట్టంలో, నిలిచిందేమోనని. నూటికి ఒకటి రెండు గర్భాలు అలా నిలుస్తాయి. ట్యూబ్‌లో నిలిచిన గర్భం మీద ఆ కిట్ పనిచేయదు. అయినా మాత్రలు వేసుకున్నాక గర్భసంచి లోపలి పొర ఊడి రక్తస్రావం కావచ్చు. అది చూసి పని అయిపోయిందని అనుకుంటారు. ట్యూబ్‌లో పిండం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఏదో ఒక రోజు ట్యూబ్ చిట్లితే రక్తం బయటికి రాదు, కడుపు లోపలే నిండుతుంది. ప్యాడ్ మీద కనిపించేది కొంచెమే కాబట్టి ఇంట్లో ఎవరికీ ప్రమాదం అర్థం కాదు.

మీకు అదే జరిగిందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి రోగ నిర్ధారణ చేయలేను, చేయకూడదు కూడా. కొన్ని ముక్కలు గర్భసంచిలో మిగిలిపోయి ఉండవచ్చు. లేదా బాగా రక్తం పోయి హిమోగ్లోబిన్ పడిపోయి ఉండవచ్చు. ఏమీ లేకపోనూవచ్చు, ఈ మాత్రల తర్వాత చాలామందికి పది, పన్నెండు రోజులు రక్తస్రావం ఉంటుంది. వీటిలో ఏదన్నది స్కాన్, రక్తపరీక్షలు చూసి మాత్రమే చెప్పగలం. ఇంట్లో చేసుకునే మూత్ర పరీక్షను నమ్మకండి. అంతా సవ్యంగా జరిగినా నాలుగు వారాల దాకా అది గర్భం ఉన్నట్టే చూపించవచ్చు. అది చూసి కంగారుపడి రెండో కిట్ మాత్రం వేసుకోవద్దు.

వెళ్లేటప్పుడు కిట్ అట్టపెట్టె, ఖాళీ స్ట్రిప్ తీసుకెళ్లండి. ఏ రోజు ఏ మాత్ర వేసుకున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి. దాచకండి. నెలసరి కాస్త ఆలస్యమైందంతే అని చెబితే డాక్టర్ వేరే దారిలో వెతుకుతారు. మీ బ్లడ్ గ్రూపు రాయలేదు. నెగటివ్ అయితే అది కూడా చెప్పాలి, ఇంజెక్షన్ అవసరమో కాదో వాళ్లు నిర్ణయిస్తారు. ఈలోగా భుజం కొసన నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, వరుసగా రెండు గంటల పాటు గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, దుర్వాసన ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. వాణీవిలాస్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రి కావచ్చు, దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రి కావచ్చు, రాత్రి వేళ ఆపరేషన్ చేయగలిగిన చోటికే వెళ్లండి.

ఇప్పుడు కాస్త కోప్పడతాను, ఏమీ అనుకోకండి. ఆ కిట్‌ను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. షాపులో ఎవరూ ఎన్నో వారమని అడగరు, స్కాన్ చేయించారా అని అడగరు. కొనేది భర్త అయితే, భార్యకు ఎక్కడ నొప్పిగా ఉందో ఆయనకూ తెలియదు. కిందటేడు వైట్‌ఫీల్డ్ నుంచి ఒక అమ్మాయిని రాత్రి పదకొండింటికి తీసుకొచ్చారు. అచ్చం మీలాగే కిట్ వేసుకుని, రక్తస్రావం అయింది కాబట్టి సరిపోయిందనుకుని తొమ్మిది రోజులు ఆఫీసుకు వెళ్లింది. కడుపు తెరిచేసరికి రెండు లీటర్ల దాకా రక్తం. బతికింది. ఆ రాత్రి ఆమె పడుకున్న మంచం పక్కన నిలబడి ఆమె భర్త పదే పదే అన్న మాట ఒక్కటే, “మందుల షాపు అతను ఏమీ కాదన్నాడండీ.” ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

మందు చెడ్డది కాదు. తొమ్మిది వారాల లోపు, గర్భం గర్భసంచిలోనే ఉందని తేలాక, డాక్టర్ పర్యవేక్షణలో వేసుకుంటే నూటికి తొంభై అయిదు మందికి పైగా పూర్తవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థే 12 వారాల లోపు ఇంట్లో వేసుకోవచ్చని చెప్పింది కదా అని కొందరు నాతో వాదిస్తారు. చెప్పింది, నిజమే. సరైన సమాచారం, నాణ్యమైన మందు, అవసరమైతే వెంటనే వైద్యం అందే ఏర్పాటు ఉండాలని కూడా చెప్పింది. మీకు వీటిలో మొదటిదే అందలేదు.

అసలు మీకు ఈ దొంగచాటు అవసరమే లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే. మన దేశంలో 1971 నుంచి అబార్షన్‌కు చట్టం ఉంది. 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ అత్యాచార బాధితులు, మైనర్లు, భర్త చనిపోయినవారు లేదా విడాకులైనవారు, ఇలా కొన్ని వర్గాల స్త్రీలకే. ఆ పైన పిండంలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు అనుమతితో చేస్తారు, తల్లి ప్రాణాన్ని కాపాడటానికి తక్షణం అవసరమైతే వారాల పరిమితి అడ్డు రాదు. పెళ్లైన స్త్రీ, ఆమె భర్త అని ఉన్నచోట స్త్రీ, ఆమె భాగస్వామి అని మార్చారు. పెళ్లికాని స్త్రీలకు 20 నుంచి 24 వారాల అవకాశం లేదనడం కుదరదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సంతకం చాలు. భర్త సంతకం కొన్ని ఆసుపత్రులు అడుగుతాయి గానీ చట్టం అడగదు. మీ పేరు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. అత్తగారికి తెలుస్తుందన్న భయంతో మందుల షాపుకు వెళ్లారు గానీ, మీ రహస్యాన్ని చట్టప్రకారం కాపాడాల్సింది మా గదిలోనే.

నేరమా అని అడిగారు. నేను న్యాయవాదిని కాను. నాకు తెలిసినంతలో, నమోదైన డాక్టర్ ద్వారా, అనుమతి ఉన్న చోట జరిగినదానికే ఈ చట్టం రక్షణ ఇస్తుంది. స్వయంగా చేసుకున్నదానికి ఆ రక్షణ లేదు. ఆ భయంతో ఆసుపత్రికి వెళ్లడం మాత్రం మానకండి. మీకు వైద్యం చేయడం, మీ వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ బాధ్యత. మన చట్టం కూడా స్త్రీ కోరితే చాలు అనే చట్టం కాదు, నిర్ణయంలో డాక్టర్ అభిప్రాయం ఉండాల్సిందే. 2023 అక్టోబర్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాల గర్భం తీయించుకుంటానంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

ఇక డల్లాస్. అది టెక్సాస్ రాష్ట్రంలో ఉంది. 1973 నుంచి అమెరికా అంతటా ఉన్న హక్కును అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్ 24న తీసేసి, నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సాస్‌లో ఇప్పుడు తల్లి ప్రాణానికి లేదా ఆరోగ్యానికి తీవ్రమైన ముప్పు ఉంటే తప్ప అబార్షన్ చేయకూడదు. చేసిన డాక్టర్‌కు యావజ్జీవం దాకా శిక్ష, కనీసం లక్ష డాలర్ల జరిమానా ఉంటాయి, లైసెన్సు పోతుంది. స్త్రీకి ఆ చట్టంలో శిక్ష లేదు. ట్యూబ్‌లో గర్భానికి వైద్యం చేయడాన్ని అబార్షన్‌గా లెక్కించరు. అయినా చట్టం అంత కఠినంగా ఉన్నచోట డాక్టర్లు తటపటాయిస్తారు, ముందు న్యాయ సలహా కోసం చూస్తారు. సందిగ్ధంగా ఉన్న కడుపుతో మీరు అక్కడ దిగడం నాకు ఇష్టం లేదు. పైగా అక్కడికి చేరడానికే ఇరవై గంటలకు పైగా పడుతుంది. సముద్రం మీద ఎగురుతున్నప్పుడు ట్యూబ్ చిట్లితే ఎవరూ ఏమీ చేయలేరు.

అదే అమెరికాలో కాలిఫోర్నియా ఈ హక్కును 2022లో తన రాజ్యాంగంలోనే రాసుకుంది. జార్జియా, ఫ్లోరిడా ఆరు వారాల గడువు పెట్టాయి. ఆరు వారాలంటే నెల తప్పాక ఆరు వారాలు కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. వారం రోజులు ఆలస్యమైందని గమనించేసరికే అయిదు వారాలు గడిచిపోతాయి. మీరు ఏడో వారంలో మాత్రలు వేసుకున్నారు. ఆ రాష్ట్రాల్లో అయితే అప్పటికే గడువు దాటింది.

మీ ఆడపడుచు ఐర్లాండ్ గురించి చెప్పింది నిజమే. ఎలా మారిందో కూడా మీరు తెలుసుకోవాలి. సవిత హలప్పనవర్ మన బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు, 31 ఏళ్లు. 2012 అక్టోబర్‌లో 17 వారాల గర్భంతో గాల్వేలో ఆసుపత్రికి వెళ్లింది. గర్భం నిలవదని డాక్టర్లకు తెలుసు. తీసేయమని ఆమె అడిగింది. పిండానికి గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఈలోగా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. అక్టోబర్ 28న చనిపోయింది. తల్లికి, పిండానికి సమానమైన హక్కు అని 1983లో రాజ్యాంగంలో చేర్చిన సవరణ అప్పటికి అమల్లో ఉంది. ఆమె ఫొటోలు పట్టుకుని ఆ దేశపు స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 2018 మే 25న ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండు వంతుల మంది ఆ సవరణను తీసేయమన్నారు. 2019 నుంచి 12 వారాల దాకా కారణం అడగకుండా అనుమతిస్తున్నారు. స్త్రీల వైద్యం చేసే నాలాంటి వాళ్లకు ఆ కేసు మరిచిపోలేనిది. సమయానికి గర్భసంచి ఖాళీ చేస్తే ప్రాణం దక్కే పరిస్థితుల్లో, ఎప్పుడు చేయాలన్నది మందు పుస్తకం కాక చట్టం పుస్తకం నిర్ణయించింది.

మిగతా దేశాలన్నీ చెప్పడానికి చోటు లేదు, బయట పేషెంట్లు కూర్చున్నారు. ఫ్రాన్స్ 2024 మార్చిలో ఈ స్వేచ్ఛను రాజ్యాంగంలో చేర్చింది. అదే ఐరోపాలో పోలండ్ 2020 తీర్పుతో పిండంలో లోపాలున్నా వీల్లేదంది. జపాన్ చట్టం భర్త సమ్మతి అడుగుతుంది. శ్రీలంకలో తల్లి ప్రాణం కాపాడటానికి మాత్రమే. బంగ్లాదేశ్‌లోనూ చట్టం అంతే, కానీ నెలసరిని క్రమబద్ధం చేయడం అనే పేరుతో తొలి వారాల్లో ప్రభుత్వమే ఆ సేవ అందిస్తుంది. నేపాల్‌లో 2002కు ముందు అబార్షన్ చేయించుకున్న స్త్రీలు జైళ్లలో ఉండేవారు. మతం వల్లే ఇంత తేడా అంటారు కొందరు. ఐర్లాండ్, అర్జెంటీనా రెండూ కాథలిక్కులు ఎక్కువగా ఉన్న దేశాలే, రెండూ మారాయి. మన చట్టం వచ్చిన దారి వేరు. అది వీధి ఉద్యమంతో రాలేదు. నాటుపద్ధతుల్లో కడుపు తీయించుకుని చనిపోతున్న తల్లులను చూసి శాంతిలాల్ షా కమిటీ సిఫార్సు చేస్తే వచ్చింది. చట్టం ముందు వచ్చింది, ఇంట్లో మాట్లాడుకునే ధైర్యం ఇంకా రాలేదు. టెక్సాస్‌లో స్త్రీని డాక్టర్‌కు దూరం చేస్తున్నది చట్టం. మారతహళ్లిలో మిమ్మల్ని దూరం చేసింది సిగ్గు.

నిషేధిస్తే ఆగుతాయా అంటే రుమేనియాను చూడండి. 1966లో అక్కడి పాలకుడు చౌషెస్కు దాదాపు పూర్తిగా నిషేధించాడు. 1989లో అతని పాలన కూలేదాకా దొంగచాటు అబార్షన్లతో సుమారు పదివేల మంది స్త్రీలు చనిపోయారని అంచనా. నిషేధం ఎత్తేసిన ఏడాదిలోనే ప్రసూతి మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏటా జరిగే సుమారు 7.3 కోట్ల అబార్షన్లలో నూటికి 45 సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చట్టం అనుమతించిన దేశంలో, ఇన్ని ఆసుపత్రులున్న నగరంలో ఉండి మీరు ఆ 45లో చేరకూడదు.

పాపమా అన్నదానికి నా దగ్గర మందు లేదు, అది మీ మనసుకు సంబంధించినది. కానీ మీ అత్తగారి గురించి అంత త్వరగా నిర్ణయానికి రాకండి. ఆపరేషన్ గది బయట కోడలి కోసం కళ్లొత్తుకుంటూ కూర్చున్న అత్తలను చాలామందిని చూశాను. ఆమెకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మీవారికి చెప్పాలా అని మాత్రం ఆలోచించొద్దు, కిట్ తెచ్చిన ఆయనే స్కాన్‌కు వెంట రావాలి.

స్కాన్‌లో అంతా శుభ్రంగా ఉంటే, తర్వాతి నెలసరి రాకముందే మళ్లీ గర్భం రావచ్చని గుర్తుంచుకోండి. మీరు వెళ్తున్న చోటును బట్టి చూస్తే, బయలుదేరే ముందే కాపర్ టీ వేయించుకోవడం గురించి మీ డాక్టర్‌తో మాట్లాడటం మంచిది. ఏదైనా మిగిలి ఉందని తేలితే, డాక్టర్ సరేననే దాకా టికెట్ వాయిదా వేయండి. స్కాన్ రిపోర్టు, రక్తపరీక్షల కాగితాలు, మాత్రలు వేసుకున్న తేదీ రాసిన చీటీ పెట్టెలో కాదు, విమానంలో మీ చేతిలో ఉండే బ్యాగులో పెట్టుకోండి.