సీ షిఫ్టులో ప్రార్థన ఎప్పుడు చేసుకోవాలి?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నేను స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేస్తాను. ఏ (ఉదయం), బీ (మధ్యాహ్నం), సీ (రాత్రి) షిఫ్టులు మారుతుంటాయి. తెల్లవారుజామునే లేచి ప్రార్థించాలని మా సంఘంలో చెబుతారు. సీ షిఫ్టు నుంచి వచ్చి మోకరిస్తే అక్కడే నిద్రపోతున్నాను. ఏడాదిలో బైబిలు పూర్తిచేద్దామని ప్రతి జనవరిలో మొదలుపెట్టి మూడో గ్రంథమైన లేవీయకాండం దగ్గర ఆగిపోతున్నాను. మొన్న శుక్రవారం ఉపవాసంతో డ్యూటీకి వెళితే కళ్లు తిరిగాయి. నా భక్తిలోనే లోపముందా?
– ఒక సోదరుడు, కూర్మన్నపాలెం

జవాబు: బాబూ, ముందు ఆ కళ్లు తిరిగిన సంగతి చూద్దాం. నేను నర్సుగా రిటైరయినదాన్ని, ఈ మాట గట్టిగానే చెబుతాను. కరిగిన ఇనుము దగ్గర నిలబడేవాడు సోలిపోతే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. డ్యూటీ ఉన్న రోజు ఉపవాసం వద్దు. వీక్లీ ఆఫ్ నాడు ఉండు, నీళ్లు మాత్రం మానకు. షుగరుకో బీపీకో మందులు వాడుతుంటే డాక్టరుని అడగకుండా అదీ వద్దు. ఉపవాసం శుక్రవారమే ఉండాలని బైబిల్లో ఎక్కడా లేదు. యెషయా 58వ అధ్యాయం చదువు. ఆకలితో ఉన్నవాడికి నీ ఆహారం పంచిపెట్టడం దేవునికి ఇష్టమైన ఉపవాసమని అక్కడుంది. నువ్వు మానిన ఆ పూట భోజనం గాజువాకలో ఎవరో ఒకరి ఆకలి తీర్చాలి.

ఇక ప్రార్థన. యేసు ప్రభువు చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు రాశాడు, నిజమే. ఆయనే ఒకసారి రాత్రంతా కొండమీద ప్రార్థనలో గడిపాడని లూకా రాశాడు, సాయంకాలం ఒంటరిగా కొండెక్కాడని మత్తయి రాశాడు. కాబట్టి నీ ప్రార్థనను డ్యూటీతో ముడిపెట్టుకో. ఏ షిఫ్టు వారంలో బస్సెక్కి కూర్చున్నాక చేసుకో. బీ షిఫ్టులో ఉదయమంతా నీదే, ఎక్కువసేపు కూర్చోవలసిన వారం అదే. సీ షిఫ్టు నుంచి వచ్చాక మాత్రం స్నానం చేసి, తిని, పడుకో. లేచాక ప్రార్థించు. ఏలీయా ప్రవక్త అలసిపోయి చెట్టుకింద పడుకుంటే దేవదూత రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ నిద్రపోనిచ్చాడు. హోరేబు కొండమీద దేవుని నిమ్మళమైన స్వరం ఆయనకు వినిపించింది ఆ తర్వాతే.

రాత్రి డ్యూటీ వాళ్లకోసం ఒక కీర్తన ఉంది, 134వది. మూడే వచనాలు. రాత్రివేళ యెహోవా మందిరంలో నిలుచుండే సేవకులను ఉద్దేశించి పాడింది. మందిరంలోనూ నైట్ డ్యూటీ ఉండేదన్నమాట! వార్డులో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నడుస్తూ నేను దాన్ని పెదవుల మధ్యే చెప్పుకునేదాన్ని. నాకది ఎంత బలమిచ్చిందో మాటల్లో చెప్పలేను.

లేవీయకాండాన్ని ప్రస్తుతానికి వదిలెయ్. అది కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రికతో కలిపి, తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని చదవవలసిన గ్రంథం. మన తెలుగు బైబిలు కూడా సువార్తలతోనే మొదలైంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అనే మిషనరీలు మన విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే క్రైస్తవుడి సాయంతో బైబిలును తెలుగులోకి అనువదించసాగారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. 1812లో బెంగాలులోని సేరంపూరులో అచ్చయినవి మత్తయి, మార్కు, లూకా సువార్తలే. మొత్తం బైబిలు తెలుగులోకి రావడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. అందుకే నిన్నూ మార్కు సువార్తతో మొదలుపెట్టమంటాను. పదహారు అధ్యాయాలు. రోజుకో సంఘటన చాలు, దాన్నే పనిలో మననం చేసుకో.

లోపముందా అని అడిగావు. నిద్ర ముంచుకొస్తున్నా మోకరించే మనిషి దేవునికి దూరంగా ఉన్నాడని నేననుకోను. తప్పిపోయిన రోజుల లెక్క మాత్రం పెట్టుకోకు, దేవుడు వడ్డీ వ్యాపారి కాడు. నాకు కనిపించిన కొరత ఒక్కటే. ఉత్తరమంతా నువ్వొక్కడివే ఉన్నావు. నీ షిఫ్టులోనే ఇంకో విశ్వాసి ఉంటాడు, వెతుక్కో. క్యాంటీన్లో టీ తాగుతూ ఏం చదివారో, ఎక్కడ నీరసపడ్డారో ఒకరికొకరు దాచకుండా చెప్పుకోండి. దొరక్కపోతే మళ్లీ రాయి.