హంప్టా కనుమకు సొంత బ్యాగుతో వెళ్లాలనుకునేవారికి నా అనుభవం

హైదరాబాదులో ఉద్యోగం, వయసు నలభై దాటింది, మంచుకొండల్లో నడిచిన అనుభవం లేదు, మనాలి దగ్గరి హంప్టా కనుమను ఐదు రోజుల్లో సొంత బ్యాగు మోసుకుంటూ దాటగలనా, అందుకు రోజూ ఎంత దూరం పరిగెత్తాలి అని మీరు అడిగారు. దాటగలరు. అయితే పరుగు సంగతి తర్వాత చూడవచ్చు, ముందు సెలవుల లెక్క మార్చుకోండి. ఆ ఐదు రోజులకు మరో రెండు రోజులు కలుపుకోలేకపోతే ఈ ఏడాదికి ప్రయాణం మానుకోమనే నేను చెబుతాను.

2022 సెప్టెంబరులో, నా 43వ ఏట, ముగ్గురు మిత్రులతో కలిసి ఈ దారిలో నడిచాను. అంతకుముందు నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం బ్యాగులో నీళ్ల సీసాలు నింపుకుని భువనగిరి కోట ఎక్కి దిగాను, మిగిలిన రోజుల్లో మా అపార్టుమెంటు మెట్లు ఎక్కాను. కాళ్లకు సంబంధించినంతవరకు ఆ సాధన చాలా పనికివచ్చింది. నేను చేసిన తప్పు వేరే చోట ఉంది. ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో ఉదయానికి మనాలి చేరి, ఏర్పాట్లు చేసిన ఏజెంటు విశ్రాంతి అక్కరలేదని చెప్పగానే నమ్మి, అదే మధ్యాహ్నం జీపులో జోబ్రాకు వెళ్లి నడక మొదలుపెట్టాము. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండే హైదరాబాదు మనిషి, 2,050 మీటర్ల మనాలిలో ఒక్క రాత్రయినా పడుకోకుండా, సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న చీకాలో గుడారం వేసుకున్నాడన్నమాట. మరునాడు 3,600 మీటర్ల బాలూ కా ఘేరా చేరేసరికి కణతలు అదిరిపోయేంత తలనొప్పి పట్టుకుంది. అన్నం చూస్తేనే వాంతి వచ్చింది. మా గైడు, ఆ ఊళ్లవాడే, నా ముఖం చూసి రేపు కదలడం లేదని తేల్చి చెప్పాడు. ఆ ఒక్కరోజు ఆగడం వల్లే నేను కనుమ చూడగలిగాను.

కారణం తెలిస్తే మీరు ఆ రెండు రోజుల కోసం బేరమాడరు. కనుమ ఎత్తు దాదాపు 4,270 మీటర్లు. అక్కడ కూడా గాలిలో ప్రాణవాయువు పాలు 21 శాతమే, కానీ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు 60 శాతానికి పడిపోతుంది కాబట్టి, ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గుతుంది. శరీరం ఊపిరి వేగం పెంచుకుని, దానివల్ల రక్తంలో వచ్చే మార్పును మూత్రపిండాలు సరిదిద్దుకోవడానికి రోజులు పడుతుంది. ఎంత పరిగెత్తేవాడికైనా ఈ గడువు తప్పదు. మాలో అందరికంటే బలశాలి, మారథాను పరిగెత్తే మిత్రుడు, నాకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డాడు. అందుకే ఒక రోజు మనాలిలో, ఒక రోజు బాలూ కా ఘేరాలో అదనంగా ఉండేలా చూసుకోండి. ఎత్తు ప్రదేశాల జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర గురించి వెళ్లేముందే వైద్యుణ్ణి అడగండి. సల్ఫా మందులు పడకపోతే ఆ మాట తప్పక చెప్పండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా మాత్రతో సరిపెట్టకుండా వెంటనే కిందికి దిగాలి.

ఇక బ్యాగు. ఇంట్లో తూచినప్పుడు నాది 14 కిలోలు. అందులో రెండు కిలోలు మా అత్తగారు కట్టించిన కారప్పొడి, పుట్నాలపొడి, సున్నుండలు. పొడులు తీసుకెళ్లినందుకు నేను చింతించలేదు, ఎందుకంటే బాలూ కా ఘేరా ఎత్తులో నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరు లేకుండా వండిన అన్నం పలుకుగానే మిగులుతుంది, పప్పు సంగతి చెప్పనే అక్కరలేదు. మోయదగ్గ బరువు తొమ్మిది, పది కిలోలు. అంతకు మించితే జోబ్రాలో గుర్రాలవాళ్లతో మాట్లాడుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అందరూ కనుమ ఎక్కడం గురించే అడుగుతారు గానీ నన్ను బాధపెట్టింది దిగడం. ఉదయం ఐదున్నరకు బయలుదేరి, బండరాళ్ల మీదుగా దాదాపు ఐదు గంటలు ఎక్కితే కనుమ వచ్చింది. 6,221 మీటర్ల ఇంద్రాసన్ ఎదురుగా నిలబడి ఉంది. కులూ వైపు భూర్జవృక్షాలు, పచ్చికబయళ్లు, గద్దీ కాపరుల గొర్రెలు. పీర్ పంజాల్ శ్రేణి వానమబ్బులను అడ్డుకోవడం వల్ల లాహౌల్ వైపు చెట్టన్నది కనిపించని రాతికొండలు. పది అడుగుల్లో దేశం మారినట్టుంటుంది. అక్కడి నుంచి ఆ రాత్రి విడిది శియా గోరూ దాకా కాలు జారే గులకరాళ్ల వాలు. భువనగిరిలో నేను ఎక్కడాన్నే లెక్కపెట్టుకున్నాను, దిగేటప్పుడు బరువు మోయడం సాధన చేయలేదు, ఆ సాయంత్రానికి కుడి మోకాలు వాచింది. మీరు రెండు చేతికర్రలు తప్పక తీసుకెళ్లండి.

మరునాడు శియా గోరూ దగ్గర వాగు దాటడం తెల్లవారగానే జరగాలి, ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి నీటి మట్టం పెరుగుతుంది. బూట్లు లేసులతో ముడివేసి మెడకు తగిలించుకుని, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని, బ్యాగు నడుము పట్టీ విప్పి, పక్కవాడి చేయి పట్టుకుని, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి అడ్డంగా కదిలాము. నాలుగో అడుగుకు పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. నడుము పట్టీ విప్పడం మరిచిపోకండి, పడితే బ్యాగు వదిలించుకోవడానికి అదే మార్గం.

నడక ముగిసే ఛత్రు నుంచి 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం మీదుగా అదే రోజు మనాలి చేరవచ్చు. అయితే ఛత్రు నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు పేరుకే రోడ్డు, వాగులు పొంగితే బండి గంటల తరబడి ఆగిపోతుంది. ఢిల్లీ విమానం మాత్రం మరునాటికి తీసుకోకండి.