స్టెంట్ వేశాక కూడా ‘టిమి 2’ అని ఎందుకు రాశారు?

గుండెపోటు వచ్చిన మీ నాన్నగారికి స్టెంట్ వేసి గుండె ధమని తెరుచుకుందన్నా రిపోర్టులో ‘టిమి 2’ (ధమనిలో రక్తం ఎంత బాగా పారుతోందో చెప్పే 0–3 గ్రేడు) అని ఉండటానికి, గుండె కండరంలోని సన్నని రక్తనాళాలు గడ్డల తునకలతోనూ వాపుతోనూ మూసుకుపోవడమే తరచుగా కారణం. టిమి 3 సాధారణ ప్రవాహం. 2లో, ఎక్స్‌రేలో ధమని కనిపించేందుకు ఎక్కించే రంగుమందు ధమని చివరిదాకా చేరుతుంది గాని ఆలస్యంగా చేరుతుంది.

చాలామంది మరచిపోయేది ఈసీజీల పోలిక.

1. స్టెంట్‌కు ముందు, మొదట తీసిన ఈసీజీ కాగితాన్ని వెంటనే ఫోటో తీసి ఉంచండి. ఆ నున్నని కాగితం మీద గీతలు మెల్లగా వెలిసిపోతాయి.

2. స్టెంట్ వేసిన 60–90 నిమిషాలకు తీసిన ఈసీజీని దాని పక్కన పెట్టించి, ఎస్‌టీ భాగం (గుండెపోటులో ఈసీజీ గీతలో పైకి లేచే భాగం) ఎంత దిగిందో కార్డియాలజిస్టును అడగండి. 70 శాతం దిగితే కండరానికి రక్తం బాగా అందుతున్నట్టే లెక్క. సగం కూడా దిగకపోతే అందడం లేదని అనుమానించాలి.

ఇంటికి వచ్చాక ఛాతీనొప్పి తిరగబెడితే ఆలోచించకుండా 108కు ఫోన్ చేయండి.